అమ్మవారి చీరకి చిమ్మెట

పండగ పొద్దున్న బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పైడితల్లి గుడిలో, ఆడవాళ్లందరి ముందు రేకుపెట్టె తెరిచారు. అమ్మవారి ఎర్ర కోసా పట్టుచీర నిండా చిల్లులు. పసుపూ పానకం ఒలికిన చోటల్లా జల్లెడైపోయింది. అమ్మకి కట్టిన చీర ఉతకకూడదని వీళ్ల ఆచారం. పెట్టె ఏటా ఉగాదికి ఇల్లు మారుతుంది. పండగ దాకా మూత తీయకూడదు.

"ఎవరింట్లో పాడైందర్రా ఇది?" అందొక పెద్దావిడ.

ఉషారాణి తడుముకోలేదు. "నా దగ్గరకొచ్చి ఆర్నెల్లే కదా. అంతకుముందు ఉన్న చిన్నతల్లొదిన ఇంట్లోనే పోయుంటాది. ఆళ్ల క్వార్టర్ అంతా చెమ్మే."

చిన్నతల్లి దగ్గరకొచ్చి చీర చిల్లులు తడిమింది. ఇక ఆవిడింటికి పెట్టె పంపొద్దని అక్కడికక్కడే తేల్చేశారు. అమ్మకి వేరే చీర కట్టారు.

ఎంత గుండెధైర్యమో ఉషారాణిది! ఉగాది వెళ్లిన వారానికే మూత తీసి, ఆ చీర భుజాన వేసుకుని అద్దంలో మురిసిపోయిన మనిషి. అప్పుడు ఒక్క చిల్లూ లేదు. ఆ మాట అంటే మూత తీసిన సంగతి బయటపడుతుంది.

ఇంటికొచ్చేసరికి కూతురు భానుప్రియ ఫోన్‌తో గోడకి అతుక్కుపోయి ఉంది.

"మమ్మీ, దేఖో! చిమ్మెట పురుగు. బట్ట కొరికి, ఆ పోగులతోనే ఒంటికి సంచీ అల్లుకుంటాదట. రెక్కలొచ్చాక ఏటీ తినదు. తిండంతా పురుగుగా ఉన్నప్పుడే. అచ్ఛా, ఇదెందుకు ఎర్రగా ఉంది? మనింట్లో ఎర్ర పట్టు లేదు కదా?"

బియ్యపు గింజంత ఎర్ర సంచీ. కొసలోంచి తల బయటపెట్టి, ఇంటిని ఈడ్చుకుంటూ పాకుతోంది. వానాకాలమంతా ఇలాంటివి చీపురుతో దులిపేసింది ఉషారాణి. ఒక్కసారీ వంగి చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పురుగుని అరచేతిలోకి తీసుకుని గుడికి పరుగెత్తింది.

అందరూ భోజనాలకి వెళ్లారు. చిన్నతల్లి ఒక్కతే అమ్మ ముందు లెంపలు వాయించుకుంటోంది. "తప్పైపోనాది తల్లీ, నీ చీర సరిగ్గా చూసుకోలేకపోనాను."

ఉషారాణి అరచెయ్యి ముందుకి చాపింది. "వదినా, పురుగు మా ఇంటిది. నేను మూత తీసేను. అప్పుడు చీర బాగానే ఉంది."

చిన్నతల్లి చేతులు దించింది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

"నన్నన్నప్పుడు అందరూ ఉన్నారు కదే ఉషా. ఎవరూ లేనప్పుడొచ్చి చెప్తన్నావేటి?"

పక్క పందిట్లోంచి ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. ఉషారాణి అటు చూసింది. కాళ్లు కదల్లేదు.