తాళం వేసిన ట్యాంకు

శాస్త్రవేత్తగారి ఇంట్లో సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. మంచి కప్పులు పెద్దమనుషులొస్తే తీద్దామని దాచారు. అంత పెద్దవాళ్లెవరూ రాలేదు. ల్యాబులోనూ ఆయన పద్ధతి అదే.

అక్కడ ఆయన ఆస్తల్లా ఓ ఎలుకకి వచ్చిన లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్. మామూలు రోగనిరోధక కణాలు గాజుపళ్లెంలో నాలుగు రోజులుండి చచ్చిపోతాయి. ఆ ఎలుక నుంచి తీసినవి క్యాన్సర్ కణాలు కాబట్టి పెరుగుతూనే ఉంటాయి. అయినా పాత ఉద్యోగం మర్చిపోలేదు. శత్రువు వచ్చినట్టు సంకేతమిస్తే, కలిపిన రంగు వల్ల ఆకుపచ్చగా వెలుగుతాయి. కణం లోపల కబురు ఎలా నడుస్తుందో ఆయన ఆ వెలుగులోనే చూసేవారు.

కింది అంతస్తు ల్యాబులో పనిచేసే మరదలు ఒకసారి అడిగింది.

"బావా, నీ కణాలు నాకూ కాసిని ఇవ్వవూ?"

కాదనలేరు. ఇవ్వనూ లేరు. అందుకని, పెంచగా పెంచగా వెలగడం మానేసిన పాత కణాల్ని కొత్త ట్యూబుల్లో పోసి, గుండ్రటి అక్షరాలతో పేరు రాసి ఇచ్చారు.

"వెలగట్లేదు బావా," అందామె కొన్నాళ్లకి.

"దానికి చెయ్యి తిరగాలమ్మాయ్."

ఎంతకీ తిరగలేదు. తనకి చేతకాదనుకుని ఆమె ఆ పని వదిలేసి ఈస్టు కణాల మీదికి మారిపోయింది.

మంచి కణాల్ని గడ్డకట్టించి దాచిన ద్రవ నైట్రోజన్ ట్యాంకుకి మాత్రం ఆయన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవారు. ఆ జేబుతోనే భార్యని తీసుకుని కొండల్లోకి సెలవులకెళ్లారు. టెక్నీషియన్ ఫోన్ చేశాడు.

"ద్రవ నైట్రోజన్ తగ్గిపోతోంది సార్. తాళం పగలగొట్టి పొయ్యనా?"

"కొత్త తాళమయ్యా! నేనొస్తున్నాగా."

వచ్చేసరికి ట్యాంకు ఎండిపోయింది. కణాలన్నీ చచ్చిపోయాయి. తాళం మాత్రం గట్టిగానే ఉంది.

సంగతి తెలిసి మరదలు ఐసుపెట్టెతో పరుగెత్తుకొచ్చింది.

"దిగులుపడకు బావా! నువ్విచ్చినవి ఒక ట్యూబు దాచాను. నీ కణాలు నీకే."

అందులో ఏముందో ఆయనకి తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచారు. "థాంక్సమ్మా" అని వచ్చింది.

కణాలు బ్రహ్మాండంగా పెరిగాయి. పరీక్ష రోజు ఆమె కూడా వచ్చి మైక్రోస్కోపు పక్కన నిలబడింది. సంకేతమిచ్చారు. తెర నల్లగానే ఉంది.

"నీకూ వెలగలేదా?" అంది ఆశ్చర్యంగా. ట్యూబు మీది గుండ్రటి అక్షరాలు చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. "బావా... ఇవి ఇచ్చినప్పుడే ఇంతేనా?"

ఆయన తలూపారు.

ఆమె ఐసుపెట్టెకి మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం భోజనానికి మరదలు వస్తుందేమోనని ఆయన మంచి కప్పులు తీసి, కడిగి, తుడిచి బల్ల మీద పెట్టారు. సాయంత్రందాకా అక్కడే ఉన్నాయి.