వడగళ్ల గీత

వడగళ్లు కావాలన్నాడు బావ. అవీ నిమ్మకాయంత.

"ఎక్కడ?" అంది మరదలు, తెలిసే.

"రేకుల వీధి మీద. ఖాళీ చెయ్యమని ఎంత చెప్పినా చెవిన పెట్టరు. నెత్తిన రేకులు చిల్లులు పడితే వాళ్లే మూటలు సర్దుకుంటారు."

వాతావరణ కార్యాలయానికి ఆయన పెద్ద అధికారి, ఆమె అక్క మొగుడు. ఆమె పని పటాలు గీయడం. కాగితం అడుగున నేల, పైన ఆకాశం. పైకి పోయేకొద్దీ గాలి ఎంత వేడిగా ఉండాలో ఎర్రగీత చెబుతుంది, ఎంత తేమగా ఉండాలో పచ్చగీత. రెండూ కలిసిన చోట మబ్బు పుడుతుంది. పటాన్ని గాజుబల్ల మీద పెట్టి మీట దించితే, ఊరి చుట్టూ ఉన్న యంత్రాలు గాలిని అచ్చం అలాగే మార్చేస్తాయి.

రేకుల వీధిలోనే ఆమె చెల్లెలి కుట్టుమిషను కొట్టు. పిల్లలతో ఉండేదీ అందులోనే.

ఆమె పెన్సిళ్లు తీసుకుని రెండు గీతలూ గీసింది. వాటి మధ్య ఏనుగు దూరేంత సందు.

"ఇదేంటి?"

"ఎండ. మబ్బుతునక కూడా పుట్టదు."

"వేళాకోళమా?"

"కాదు బావా. గీయనంటున్నా. నోటితో చెబితే నీ తలకెక్కదుగా."

"ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. అక్కకి జవాబు నువ్వే చెప్పుకో."

బావ కూడా తక్కువవాడు కాదు. ఒకప్పుడు అదే బల్ల దగ్గర చెయ్యి తిరిగినవాడు. చొక్కా చేతులు మడిచి తానే కొత్త పటం గీశాడు. వంక పెట్టడానికి లేదు. రెండు గీతలూ ఎక్కడ కలవాలో సరిగ్గా అక్కడే కలిశాయి.

గాజుబల్ల దగ్గర మీటల తాత కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎవరి గీతండీ ఇది?"

"నాదే. దించు."

"అయితే మీరు బయల్దేరండి."

"ఎక్కడికి?"

"గీసినవాళ్లు దాని కింద నిలబడాలి కదా, గొడుగు లేకుండా. అక్కణ్ణించి ఫోన్లో మీరు దించమంటేనే దించుతా. అమ్మాయి ప్రతి వానకీ తడుస్తూనే ఉంది."

"వడగళ్లకి ఆ పద్ధతి లేదు."

"పెట్టింది నువ్వే బావా," అంది ఆమె. "ఒళ్లు దగ్గర పెట్టుకుని గీస్తారని."

గదిలో అందరూ పెన్సిళ్లు కింద పెట్టి ఆయన వైపే చూశారు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"పోతా. కరిగిపోడానికి నేనేమైనా బెల్లమా?" అని కారెక్కాడు.

కాసేపటికి చెల్లెలి నంబరు నుంచి ఫోన్ మోగింది. తాత అందరికీ వినబడేలా పెట్టాడు. ముందు వినబడింది చెల్లెలి గొంతు. బావ వచ్చిన పని అప్పటికే తెలిసిపోయినట్టుంది.

"బావా, ఈ గిన్నె నెత్తిన బోర్లించుకో. మాకెలాగూ రేకులున్నాయి. అవీ వద్దులే, అందరం నీ పక్కనే నిలబడతాం."

పిల్లల నవ్వులు, తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. వీధి వీధంతా బయటికొస్తోంది.

"దించమంటారా అండీ?" అన్నాడు తాత.

ఫోన్లో గిన్నె ఠంగున కింద పడింది.

"ఏమ్మా," అన్నాడు బావ, మరదలితో. "ఆ గీత చెరిపెయ్."

"చెరపను."

"మళ్లీ ఏమిటి?"

"నేను గుట్టుగా చెరిపితే రేపు ఇంకోడు గుట్టుగా గీస్తాడు. నువ్వే వచ్చి అందరి ముందూ చెరుపు. ఈ వీధి మీద ఇలాంటిది ఎవరూ గీయకూడదని నీ నోటితో చెప్పు."

"చెప్పకపోతే?"

"దించమను. తాత చెయ్యి మీట మీదే ఉంది."

ఫోన్లో కారు తలుపు పడిన చప్పుడు. తర్వాత చెల్లెలు, నవ్వాపుకుంటూ.

"అక్కా, వస్తున్నాడు. రబ్బరు వెతికి పెట్టు."

ఆమె బల్ల ముందు నుంచి లేచి, బావ కూర్చోడానికి కుర్చీ వెనక్కి లాగింది.