జానెడు దుప్పటి

మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లని వెంటబెట్టుకుని తిప్పడం నా ఉద్యోగం. గడియారం స్తంభం, పాత రైల్వే గిడ్డంగి, రంగులద్దేవాళ్ల వీధి అయ్యాక చివర్లో నేత మ్యూజియం. అక్కడికి చేరేసరికి నా నోటికి హద్దుండదు. సగం ఊరు ఇప్పటికీ మగ్గం మీదే బతుకుతోందని, మా దుప్పట్లు ఓడలెక్కి పోతున్నాయని తెగ కోతలు కోస్తాను. నిజానికి ఊళ్లో మిగిలింది ఆ మ్యూజియంలోని ఒక్క మగ్గం. దాని ముందు కూర్చునేది మా పిన్ని, అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి.

మ్యూజియంవాళ్లు నూలు ఏడాదికొకసారే ఇస్తారు. అందుకని పిన్ని పగలంతా జనం ముందు జానెడు నేస్తుంది. వాళ్లు వెళ్లాక అడ్డదారాలన్నీ లాగేసి మళ్లీ కండెకి చుట్టేస్తుంది. ఆ ఉపాయం నాదే. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఒక్క దుప్పటైనా పూర్తిగా నేసి మగ్గం మీంచి కోసి దించాలని పిన్ని రెండేళ్లుగా అడుగుతోంది. చూద్దాంలే అని దాటేస్తూ వచ్చాను.

మొన్న వచ్చినవాళ్లలో ఒక టీచరమ్మ ఉంది. నా ఉపన్యాసానికి విసుగొచ్చిందో ఏమో, ఈ ఏడాది ఎన్ని దుప్పట్లు నేశారని నేరుగా పిన్నినే అడిగింది.

పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడెని పిన్ని ఆపింది. "ఒక్కటీ నెయ్యలేదమ్మా," అంది.

ఇరవై మంది నా వైపే చూస్తున్నారు. "పెద్దావిడ కదండీ, మతిమరుపు. ఏదీ గుర్తుండదు," అనేశాను నవ్వుతూ. వాళ్లూ నవ్వారు. టీచరమ్మ జాలిగా పిన్ని భుజం తట్టింది. ముప్పై ఏళ్ల కిందట నేసిన దుప్పటికి ఏ రంగు అంచు వేసిందో ఇప్పటికీ చెప్పగల మనిషికి మతిమరుపు అంటగట్టాను. పిన్ని నా ముఖంలోకి ఒక్కసారి చూసి, అవునన్నట్టు తలూపి, మళ్లీ నేతలో పడింది.

వాళ్లని బస్సెక్కించి తిరిగొచ్చేసరికి దారం విప్పుతూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయిందని చెబుదామనుకుని, చెప్పకుండానే కుర్చీలు సర్దడం మొదలెట్టాను. పోనీ, ఈసారికి విప్పొద్దులే పిన్నీ అనైనా అనొచ్చు. మర్నాడు ఇంకో రెండు బస్సులున్నాయి. అదీ అనలేదు.

చివరికి పిన్నే అడిగింది, గొంతులో కోపమన్నది లేకుండా. "ఎన్ని నేశానని చెప్పమంటావురా? రేపెవరైనా అడిగితే అదే చెప్తాను."

నేల చూపులు చూస్తూ, నలభై అన్నాను.