చిన్నబ్బ కూతురు చెప్పింది

రంగూను మీద బాంబులు పడ్డాక వచ్చిన ఎండాకాలంలో, కాందిశీకుల శిబిరం నుంచి ఒక మనిషి నాలుగేళ్ల ఆడపిల్లను తెచ్చి బంగారుపాళ్యంలో గురవమ్మకు అప్పగించి వెళ్లాడు. పిల్ల మెడలో కట్టిన చీటీలో తండ్రి పేరు చిన్నబ్బ అనీ, ఊరి పేరూ మాత్రమే ఉన్నాయి. తండ్రి ఏమయ్యాడో శిబిరంలో ఎవరికీ తెలియదు. తోవలో ఎవరో ఈ పిల్లను రైలెక్కించారట.

చిన్నబ్బ గురవమ్మకు ఒక్కడే కొడుకు. రంగూనులో బియ్యం మిల్లు పనికి పోయి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు.

"మీ నాయన యాడమ్మా? మీయమ్మ యాడ?" గురవమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది.

పిల్ల చెప్పింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చేతులెత్తి ఏదో ఎత్తైనదాన్ని చూపింది. నేల మీద పడుకుని కళ్లు మూసింది. లేచి అవ్వ మొహంలోకి చూసింది. అంతా బర్మా మాటే. 'అఫే' అంటే నాయన అని మాత్రం గురవమ్మ పోల్చుకుంది. కళ్లు మూసిన నాయన నిద్రపోయాడా, జబ్బుపడ్డాడా, చచ్చిపోయాడా?

"ఇంగోసారి సెప్పు తల్లీ, నిదానంగా సెప్పు."

పిల్ల నిదానంగానే చెప్పేది. తెలుగు తప్ప మరో మాట రాని గురవమ్మ ఏడ్చేది. ఆమెను చూసి పిల్లా ఏడ్చేది. నెల తిరిగేసరికి చెప్పడం మానేసింది.

కొడుకు కోసం ఎదురుచూడాలో, కర్మ చేయించాలో తెలియక గురవమ్మ చిక్కి సగమైంది. రంగూను నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని చిత్తూరు సంతలో అడిగింది, కాణిపాకంలో అడిగింది. ఏడాది దాటాక, తిరుపతి సత్రంలో వంటచేసే గోవిందస్వామికి బర్మా మాట బాగా వచ్చని తెలిసింది. ఆ రోజే చిత్తూరు పోయి, పిల్లతో రైలెక్కింది.

గోవిందస్వామి గరిటె పక్కనపెట్టి, పిల్ల ముందు గొంతుక్కూర్చుని బర్మాలో మెల్లగా ఏదో అడిగాడు. పిల్ల అవ్వ మొహంలోకి చూసింది. మరో రకంగా అడిగాడు. పిల్ల గురవమ్మ కొంగు వెనక్కి దూరింది.

"అవ్వా, ఈ తాత ఏమంటుండాడు?"

"మీ నాయన సంగతి అడగతా ఉండాడే! అప్పుడు నాకు సెప్తివే, అదే సెప్పు!" గురవమ్మ పిల్ల భుజాలు పట్టి కుదిపేసింది.

"నాకేం తెల్దవ్వా!" పిల్ల బావురుమంది.

గోవిందస్వామి ఆమె చేతులు విడిపించాడు. "వద్దమ్మా. ఏడాదిగా ఆ మాట సెవిన పడలా. పసిబిడ్డ, మరిసిపోయింది."

గురవమ్మ నేల మీద కూలబడింది. "దినామూ సెప్పింది సామీ. నా ఒళ్లో కూసోని సెప్పింది. నాకే తెలీలా."

ఆయన ఇద్దరికీ ఆకులు వేసి అన్నం పెట్టాడు. పిల్ల తిన్నది. గురవమ్మ చెయ్యి కలపలేదు. పిల్ల అప్పుడు పలికిన శబ్దాలను ఒక్కొక్కటే తలుచుకుంటూ పెదాలు కదిపింది. ఒకటి పైకి అంది.

గోవిందస్వామి వంగి విన్నాడు. "మళ్లా అనమ్మా."

ఆమె మళ్లీ అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకో రకంగా అంది. అదీ మాట కాలేదు.