నల్లా బందైతే నా చేపలకు పండుగ

మా ఇంటి గోడ మీద ఫోటో ఒకటుంది. అందులో మా ఆయన బాలనర్సింహ, మా అత్తమ్మ కొమురమ్మ కెమెరా వైపు గుడ్లు మిటకరించి నిటారుగా కూర్చుని ఉంటారు. నేనొక్కదాన్నే పక్కకు తిరిగి పళ్లికిలిస్తుంటాను. హుస్సేనీ ఆలంలోని ఆ స్టూడియోవాడు బల్ల మీద అద్దాల తొట్టి పెట్టి చేపల్ని పెంచేవాడు. అవి తోకలూపుకుంటూ తిరుగుతుంటే కెమెరా ఎవరికి కావాలి?

ఫోటో చేతికొచ్చిన రోజు మా ఆయన ఇల్లంతా ఎగిరాడు.

"అందరు ఒక దిక్కు జూస్తె నువ్వు ఎటు జూస్తున్నవే?"

"జూస్త! నీ ఇంట్ల నేను జూసేదంత బర్రెల ఎనుక దిక్కే గద!" అన్నాను. "పాలియ్యనిది, పేడ ఎత్తే పని లేనిది, ఊకె జూసుకుంట గూసునేది ఒక్కటన్న ఉండాలని నాకుండదా?"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇంటి వెనక కొట్టం నిండా బర్రెలు. పేడ ఎత్తేది నేను, కుడితి కలిపేది నేను, తెల్లవారగానే నల్లా దగ్గర కొట్లాడి బిందెలు మోసేది నేను. మా ఆయన పాలు పితుకుతాడు, సైకిల్ మీద తిరిగి పోసి వస్తాడు, వచ్చాక గద్దె మీద కూర్చుని ఉపన్యాసం ఇస్తాడు. బిందె మాత్రం ముట్టడు. ముడితే మీసం రాలిపోతుందని భయం కాబోలు!

అలాంటి మనిషి ఒకనాడు తవుడు తెస్తానని పోయి, రిక్షాలో అద్దాల తొట్టిని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని దిగాడు. కాళ్ల దగ్గర పాల క్యాను. మూత తీస్తే లోపల రెండు బంగారు రంగు చేపలు!

"ఇగో, పాలియ్యవు. జూసుకో," అన్నాడు ముఖం అటు తిప్పుకుని.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లోకి నా కోసమే వచ్చినవి అవే. ఒకదానికి సింగారి అని, ఇంకోదానికి బంగారి అని పేర్లు పెట్టుకున్నాను. ఆ రోజు పప్పు మాడిపోయినా అత్తమ్మ ఏమీ అనలేదు, ఆమె కూడా తొట్టి ముందే కూర్చుంది కాబట్టి.

మర్నాటి నుంచి మొదలైంది మా ఆయన సేవ. మా ఇంట్లో రాత్రి మిగిలిన నీళ్లు తెల్లవారి వాడకూడదు. అవి పాచి నీళ్లు. వాకిట్లో గుమ్మరించి, కొత్త నీళ్లు పట్టాకే పొయ్యి ముట్టించాలి. అది అత్తమ్మ పెట్టిన చట్టం. మరి చేపలకు మాత్రం పాచి నీళ్లెలా? మా ఆయన నల్లా రాగానే బకెట్ పట్టుకుని బయలుదేరాడు!

గల్లీ గల్లీయే బయటికొచ్చింది. పక్కింటి రజియా ఖాలా పరదా పక్కకు నెట్టి మరీ నన్ను పిలిచి అరిచింది. "అరే ఆండాలూ! తేరా మర్ద్ పానీ భర్ రా! ఆజ్ సూరజ్ కిధర్ సే నిక్లా?" నా మొగుడు నీళ్లు పడుతున్నాడంటే ఇవ్వాళ పొద్దు ఎటు పొడిచిందోనని ఆమె వింత.

మా ఆయన సిగ్గుపడలేదు. తొట్టిలో నీళ్లన్నీ పారబోశాడు. గులకరాళ్లను బొగ్గుపొడితో తోమాడు. బ్లీచింగ్ మందు వాసన గుప్పుమనే నల్లా నీళ్లు నిండుగా పోసి, చేపల్ని అందులో వదిలి, చేతులు దులుపుకున్నాడు.

"బర్రె గానీ, చేప గానీ, సాఫ్‌గ ఉంచితె రోగం రాదు," అన్నాడు.

నాలుగు పొద్దులు గడిచాయో లేదో, చేపలకు పిచ్చి పట్టింది. బంగారి ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికి అద్దానికి గుద్దుకునేది. సింగారి ఒళ్లు దురదపెట్టిన బర్రెలా రాళ్లకు పక్కలు రాసుకునేది. కాసేపయ్యాక రెండూ నీళ్ల పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి మింగేవి. మెతుకు వేస్తే ముట్టేవి కాదు. రెక్కలు ముడుచుకుని మూలకు నక్కేవి. మెరిసే ఒళ్లు కూడా వెలవెలబోయింది.

"బస్తీ మొత్తం అచ్చి కండ్లు పెట్టె. దిష్టి తగిలింది!" అని అత్తమ్మ తేల్చేసింది. ఉప్పు, ఎండు మిరపకాయలు తొట్టి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఇంక చూడాలి మా సంబరం! నేను దగ్గాను, మా ఆయన దగ్గాడు, గోడ అవతల రజియా ఖాలా దగ్గుతూ తిట్టింది, కొట్టంలో బర్రెలు తుమ్మాయి. దగ్గనివి ఆ చేపలే.

మా ఆయన వాము నీళ్ల గిన్నెతో వచ్చాడు.

"ఏందది?" అన్నాను.

"కడుపుబ్బితె బర్రెలకు గిదే పోస్త."

"అవ్వేమన్న గడ్డి మేసినయా కడుపుబ్బనీకి? జరుగు!" అని గిన్నె గుంజుకున్నాను.

"అయితె ఇంక మురికున్నట్టే," అంటూ ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, మాపున ఒకసారి నీళ్లు మార్చాడు. ఆయన ఎంత మారిస్తే అవి అంత ఎగిరాయి. పనికి పోయే ముందు తొట్టి దగ్గర వంగి "ఏమైందిరా బిడ్డా" అని అడిగేవాడు. పాడి బర్రెకు జ్వరమొచ్చినా అంత ఇదిగా అడగలేదు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. ఇవి చచ్చిపోతే ఈ మనిషి మళ్లీ నా కోసమని ఏదీ తేడు, సిగ్గుతో చచ్చిపోతాడు. నేనూ నోరు తెరిచి అడగను. ఆ తొట్టిలో తవుడు పోస్తారు, అంతే సంగతి. అది తలుచుకుంటేనే నాకు దుఃఖం పొంగుకొచ్చేది.

అప్పుడు నల్లా బందైంది. ఎక్కడో పైపు పగిలిందట. గల్లీలో ఒకటే లొల్లి. ట్యాంకర్ వస్తే బిందెలు, బకెట్లు, చివరికి అత్తమ్మ పప్పుగిన్నె కూడా లైనులో నిలబడ్డాయి. తెచ్చిన నీళ్లు తెచ్చినట్టే బర్రెలు తాగేశాయి. చేపల నీళ్లు మార్చే ముచ్చటే లేదు. అత్తమ్మ కన్ను తొట్టి మీద పడింది.

"గంత పెద్ద తొట్టి నిండ నీళ్లు ఉత్తగ పెట్టుకున్నం. బర్రె నోట్ల పోస్తె అయిపాయె!"

"తొట్టి మీద చెయ్యేస్తె నేను మా అవ్వగారింటికి పోత!" అని తొట్టికి అడ్డంగా కూర్చున్నాను. కూర్చుని అలా వెనక్కి తిరిగి చూస్తే ఏముంది? బంగారి తీరిగ్గా తిరుగుతోంది! సింగారి దాని వెనకే పోతోంది! మెతుకు వేశాను, టప్పున మింగింది. మర్నాడు ఇంకా హుషారు. ఆ మర్నాడు రంగు తిరిగొచ్చింది. ఊరంతా నీళ్లో రామచంద్రా అని ఏడుస్తుంటే నా చేపలకు పెళ్లి కళ వచ్చింది. నేను గట్టిగా నవ్వితే గల్లీవాళ్లు కొట్టేట్టున్నారని చెంగు నోట్లో కుక్కుకున్నాను.

ఒక పొద్దున నల్లా బుసకొట్టింది. "ఆగయా పానీ! నీళ్లొచ్చినయ్!" అని గల్లీ దద్దరిల్లింది. మా ఆయన రెండు చేతులా రెండు బకెట్లతో పరుగెత్తుకొచ్చాడు, ఎక్కడికి? తిన్నగా తొట్టి దగ్గరికే!

నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"పొయ్యకు!"

"పాగల్ అయినవా? ఎన్ని దినాలాయె, నీళ్లు పాచి పట్టినయ్!"

"పాచి నీళ్లల్లనే మంచిగున్నయ్. కండ్లున్నయ్ గద, జూడు!"

"ఇంట్ల పాచి నీళ్లా!" అని అత్తమ్మ లోపలి నుంచి కేకేసింది.

మా ఆయన బకెట్లు దించకుండానే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ మీసాల మొగుడి ముఖం మెల్లగా మారింది.

"ఆండాలూ, మనం అంగడి నుంచి గంగి బర్రెను తోలుకొస్తిమి, యాదికున్నదా? కాళ్లు దన్నింది, కండ్లు తేలేసింది, గడ్డి ముట్టలే, పాలియ్యలే."

"యాదికుంది. దాని పాత పలుపుతాడు తెచ్చి కట్టినవ్. ఎవ్వలిని దగ్గరికి పోనియ్యలే."

"కొట్టం కొత్తదని బెదిరింది గది. దీనికి కొట్టమంటె నీళ్లే గదనే!" అని నోరు తెరిచాడు, అచ్చం సింగారిలా. "అంటె నేను దినాం దీని ఇల్లు కూలగొట్టి మల్ల కడుతున్న! ఒక్కదినం గంగిని గట్ల జేస్తె నన్ను తన్ని సంపుతుండె!"

"మందు వాసన గూడ. మన ముక్కుకే గంత గాటుగ ఉంటె, దాంట్ల బతికేటియి ఏం గావాలె?"

అక్కడికక్కడే కొత్త చట్టం పుట్టింది. నల్లా నీళ్లు మూత లేకుండా ఒక రోజు నిలవుంచాలి. వాసన పోయాక చెంబుతో కాసిని తీసి కాసిని పోయాలి. అత్తమ్మ గొణిగింది గానీ, సింగారి ఆమె వేసిన మెతుకును కూడా తినేసరికి మెత్తబడింది.

ఇంతలో చూస్తే మా ఆయన ఇంకా రెండు నిండు బకెట్లతో అలాగే నిలబడి ఉన్నాడు. చేపలకు పనికిరావు. పారబోయడానికి మనసు రాదు. నేను వంటింట్లోని నీళ్ల గోలెం వైపు చెయ్యి చూపించాను.

అటు చూశాడు. నన్ను చూశాడు. పోయి గోలెంలో గుమ్మరించాడు. మళ్లీ పోయాడు, మళ్లీ తెచ్చాడు. గోలెం నిండింది, కాగు నిండింది, నేను గడప మీద కాళ్లు చాపుకుని నా చేపల్ని చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో నల్లా నీళ్లు పట్టేది ఆయనే. గల్లీలో ఎవరన్నా నవ్వితే "చేపల కొరకు భాయ్" అంటాడు. చేపలకు చెంబెడు చాలు.