నిలవనివాళ్ళు

భవ్య అరచేతిలో రక్తపు గొట్టం. ఇంకా వెచ్చగానే ఉంది.

చేయవలసిన పనులు చాలా ఉన్నాయి.

భార్య రక్తం తీయడం అయింది. భర్త రక్తం తీయాలి. ఎర్రకణాలను పక్కకు తప్పించి తెల్లకణాలను ఏరాలి. ఆమెవీ అతనివీ ఒకే పళ్ళెంలో పెట్టి, పోట్లాడుకుంటాయేమో చూడాలి. చూసింది డాక్టరుకు చెప్పాలి.

వీటన్నిటికంటే ముందు — ఒక ప్రశ్న అడగాలి.

ఆ ప్రశ్న అడగడానికే భవ్యను పైకి పిలిచారు.

భవ్యది పరిశోధన. వైట్‌ఫీల్డ్ దగ్గరి ఆసుపత్రిలో, కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో. ఒకరి కిడ్నీని ఇంకొకరి ఒళ్ళు ఎందుకు వద్దంటుంది? అదే ఆమె చదువు, అదే ఆమె పని. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఏం పని చేస్తావే అని వాళ్ళమ్మ అడిగితే, రక్తానికి జ్ఞాపకం ఉంటుంది, దాన్ని వెతుకుతాను అని చెప్పింది.

వాళ్ళమ్మ నవ్వింది. "పొయ్యి మీద పాలు పెట్టిందే నాకు గుర్తుండదు. రక్తానికి గుర్తుంటాదా!"

ఉంటుంది.

ఒకసారి చూసిన పరాయిదాన్ని రక్తం మరవదు. ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. మామూలు పరీక్షలకు దొరకదు. అదే మళ్ళీ ఎదురైతే — లేస్తుంది.

మహదేవపురలో భవ్య ఉండే వీధి ఒకప్పుడు చెరువు. పూడ్చేశారు, ఇళ్ళు కట్టేశారు. అయినా పెద్ద వాన పడితే చాలు, నీళ్ళకు పాత దారి గుర్తొస్తుంది. గేట్లు దాటి, మెట్లెక్కి, తమ చోటికి తాము వచ్చేస్తాయి...

అలివేలుకు రెండు కిడ్నీలూ పోయాయి. భర్త చెన్నరాయప్పకు సర్జాపుర రోడ్డులో టెంకాయల అంగడి. తన కిడ్నీ ఇస్తానని వచ్చాడు.

"ఇంట్లో నా మాట ఒక్కటీ వినదమ్మా ఇది. నా కిడ్నీ మాట వింటాదంటావా?"

"కిడ్నీకి నోరుండదు గదా," అంది అలివేలు. "అందుకే ఒప్పుకున్నాను."

డాక్టర్ మోహన్‌కుమార్ నవ్వాడు. "భవ్యా, మీ భాషే కదా. హిస్టరీ మీరే తీసుకోండి."

అడగవలసింది చిన్న మాట. ఎన్నిసార్లు కడుపుతో ఉన్నారు?

ఎందుకంటే బిడ్డలో సగం తండ్రి. కడుపులో బిడ్డ పడినప్పుడల్లా భార్య రక్తం భర్తను చూస్తుంది. చూసినన్ని సార్లూ గుర్తుపెట్టుకుంటుంది. ఆ బిడ్డ బతికినా, బతకకపోయినా.

భవ్యకు ఇదంతా తెలుసు.

కానీ పక్కనే భర్త ఉన్నాడు, డాక్టరున్నాడు. భవ్య పెరిగిన ఇంట్లో మగవాళ్ళ ముందు ఆడమనిషిని అలాంటివి అడగరు. పోయిన కడుపుల మాట అసలే ఎత్తరు.

మర్యాదగా అడిగింది.

"పిల్లలెంతమందక్కా?"

"ఒకడేమ్మా."

ఒకడే.

కింద, పళ్ళెంలో, ఆమె కణాలు కొద్దిగా మేలుకున్నాయి. ఒక్క కాన్పుకు ఆ మాత్రం మామూలే అనుకుంది భవ్య. అదే చెప్పింది. మామూలు మందులే చాలన్నారు.

కిడ్నీ పెట్టారు.

మొదట్లో బాగా పనిచేసింది. మూత్రం సంచి నిండింది. పక్క వార్డులో కుట్లతో పడుకున్న చెన్నరాయప్ప నర్సమ్మతో కబురు పంపాడు — "నాది అంగడి తెరిచినాదంట గదా! యాపారం బాగుండాదా?"

అలివేలు నవ్వబోయి పొట్ట పట్టుకుంది.

తర్వాత వాన మొదలైంది.

సంచిలో తగ్గింది.

ఇంకా తగ్గింది.

యంత్రం పెట్టి రక్తాన్ని కడిగారు. మందు మీద మందు ఇచ్చారు. కడిగితే కాసేపు ఊరుకునేది. మళ్ళీ వచ్చేది. వీధిలో నీళ్ళు తోడిపోసినట్టే ఉంది — ఎంత తోడినా, చెరువు తన చెరువే అన్నట్టు...

భవ్య మళ్ళీ పళ్ళెం పెట్టింది. ఈసారి ఆమె కణాలన్నీ లేచి ఉన్నాయి. ఒక్క కాన్పు పని కాదిది. ఇది చాలాసార్లు చూసిన రక్తం.

పైకి వెళ్ళింది. అలివేలు ఒంటరిగా ఉన్నప్పుడు, అడగవలసిన తీరులో అడిగింది.

అలివేలు దుప్పటి అంచు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది.

"నలుగురమ్మా. ముగ్గురు నిలవలేదు."

"అప్పుడు చెప్పలేదే అక్కా..."

"నిలవనోళ్ళని లెక్కలో చెప్పగూడదు. ఉండేవోడికి మంచిది కాదని మా అత్త అంటా ఉండె. నువ్వూ పిల్లలెంతమందనే గదా అడిగితివి? ఉండేది ఒకడే."

తప్పు ఆమెది కాదు.

ఆమెది కాదు...

తెలిసుంటే ముందుగానే రక్తం కడిగేవాళ్ళు. గట్టి మందులతో మొదలుపెట్టేవాళ్ళు. లేదంటే ఈ కిడ్నీయే వద్దనేవాళ్ళు — అది చెన్నరాయప్ప ఒంట్లోనే ఉండేది. "తెలిసినా ఇదే అయ్యేదేమో భవ్యా," అన్నాడు మోహన్‌కుమార్. ఏమో. ఆ ఏమోను ఏ పళ్ళెంలో పెట్టి చూడాలి?

కిడ్నీ తీసేశారు. ఇచ్చినవాడికీ లేదు. పుచ్చుకున్నామెకూ లేదు.

క్షమించమని అడగడానికే వెళ్ళింది భవ్య. నా ప్రశ్నే తప్పక్కా అందామనుకుంది. తీరా నోరు తెరిస్తే పాఠం వచ్చింది. కడుపులో బిడ్డ, బిడ్డలో తండ్రి, తల్లి రక్తం గుర్తుపెట్టుకోవడం — చదివిందంతా చదివినట్టే చెప్పుకుంటూ పోయింది.

వింటూ వింటూ అలివేలు మోచేతుల మీద లేచింది.

"అంటే... వాళ్ళు నా నెత్తురుకి గుర్తుండారా?"

"ఉన్నారక్కా."

"ముగ్గురూనా?"

భవ్య తలూపింది.

"ఆఖరుది ఆడపిల్లమ్మా. ఏడో నెలలోనే వచ్చేసింది. ఒక్కసారి ఏడ్చింది. నాకు చూపించకనే ఎత్తుకొని పోయిరి. దాని మొగం నేను చూడనే లేదు." ఆమె గొంతు బాగా తగ్గింది. సంతోషం లాంటిదేదో ఆ గొంతులో. "నా నెత్తురు చూసిందంటావు!"

రక్తం ఎలా గుర్తుపెట్టుకుంటుందో భవ్యకు తెలుసు. పగవాణ్ణి గుర్తుపెట్టుకున్నట్టు. మళ్ళీ వస్తే చంపడానికి. ఆ ఒక్కటీ చెప్పలేదు. పుస్తకాలలో అది మొదటి పేజీలోనే ఉంటుంది.

"చూసిందక్కా," అంది.

అలివేలు కళ్ళు మూసుకుంది. బయట వాన కురుస్తూనే ఉంది. గుమ్మం దగ్గర, పొట్ట పట్టుకుని, చెన్నరాయప్ప. ఎప్పుడొచ్చాడో. ఎంత విన్నాడో.

ఆ పిల్లకు పేరు పెట్టలేదు. ఒక్కసారి ఏడ్చింది, అంతే. అలివేలు కూతురు అనుకోండి, చాలు.

మీరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి — పగ లేకుండా.