చక్రం దాకా రాని బలం

మెట్టుగూడలో పాత కార్లు అమ్మే లూకా మాటంటే చర్చిలో అందరికీ గురి. టీచరు యేసురాజు ఆ మాట మీదే కారు కొనబోయి, ముందుగా వర్క్‌షాపులో చక్రాల బలం కొలిచే రోలర్ల మీద పరీక్ష చేయించి, నేరుగా లూకా దగ్గరికి నడుపుకొచ్చాడు.

“యాభై హార్స్‌పవర్ అంటివి గదన్నా! చక్రాల కాడ నలభయ్యే ఉంది. చర్చిల పక్క బెంచీల కూసునేటోణ్ణి సుత మోసం జేస్తవా?”

లూకా కోప్పడలేదు. “నడిపి తెచ్చినవు గదా, వంగి వెనక ఇరుసు మీద చెయ్యి పెట్టు.”

“అబ్బా, కాలుతుంది!”

“ఆ పది గిట్ల వేడైపోతయ్ తమ్మీ. ఇంజన్ బలమంతా గేర్లు దాటి చక్రం దాకా రాదు. ఏ కారుకైనా గింతే.”

“మరి గీ ముచ్చట ముందే ఎందుకు జెప్పలే?”

ముప్పై ఏళ్లుగా లూకా అబద్ధం ఆడలేదు. బేరానికి పనికొచ్చినంత వరకే నిజం చెప్పాడు. యేసురాజు తాళాలు బానెట్ మీద పెట్టి వెళ్లిపోతుంటే ఆపలేకపోయాడు.